సీసాకి మూడు చిల్లులు

ఒక ప్లాస్టిక్ సీసాకి ఒకదాని కింద ఒకటిగా మూడు చిల్లులు పెట్టి, నిండా నీళ్ళు పోసి బల్ల మీద నిలబెట్టామనుకుందాం. మూడు చిల్లుల్లోంచీ మూడు ధారలు చిమ్ముతాయి. వాటిలో ఏ ధార బల్ల మీద అన్నిటికన్నా దూరంగా పడుతుంది?

కిందిదేనని చాలామంది తడుముకోకుండా అంటారు. లోతు పెరిగేకొద్దీ నీటి పీడనం పెరుగుతుందని అందరం బళ్ళో చదువుకున్నదే. కింది ధార అన్నిటినీ దాటి పోతున్నట్టు గీసిన బొమ్మలు కూడా పుస్తకాల్లో చూశాం. జవాబు కాసేపు అలా ఉంచుదాం. ఈ ఒక్క ప్రశ్న రాజోలు దగ్గరో కొత్తపేట దగ్గరో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లవాడి దాకా రావడానికి ఇవాళ ఎన్ని దారులున్నాయో చూడండి: పుస్తకం, ఇంట్లో ఫోను, తరగతి గోడకున్న ప్యానెల్, ఆఖరికి మాస్టారి చేతిలో సీసా. తెర మీద చదువునీ ఎదురెదురుగా కూర్చుని చెప్పుకునే చదువునీ కలిపి నడిపే ఈ ఏర్పాటులో పిల్లవాడి మనసు మధ్యలో జారిపోకుండా ఉండాలంటే, ప్రతి భాగంలోనూ ఎవరో ఒకరు చాలా శ్రద్ధగా పనిచేసి ఉండాలి. ఆ భాగాల్ని ఒక్కొక్కటిగా విప్పి చూస్తే ఆ పనితనం మీద గౌరవం కలుగుతుంది.

మొదటి భాగం పుస్తకమే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 2020–21లో కింది తరగతులతో మొదలై పై తరగతులకి పాకినవి రెండు భాషల పుస్తకాలు. తెరిస్తే ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. వినడానికి సులువుగానే ఉంది కానీ కూర్చేవాళ్ళకి ఇది చిన్న పని కాదు. ఒకే విషయం చెప్పడానికి రెండు భాషలకీ పట్టే జాగా ఒకటి కాదు. అయినా రెండు పేజీల్లోనూ బొమ్మ ఒకే ఎత్తులో ఉండాలి, పేరా ఎదురుగా పేరా రావాలి, కొత్త మాట వచ్చిన వాక్యం పక్క పేజీలోనూ దాదాపు అదే చోట దొరకాలి. అప్పుడే ‘ప్రెషర్’ దగ్గర ఆగిపోయిన పిల్ల తల కాస్త పక్కకి తిప్పి ‘పీడనం’ అని చదువుకుని, మళ్ళీ ఆ వాక్యంలోకే తిరిగి వస్తుంది. నిఘంటువు వెతకడానికి లేచి వెళితే పాఠం అక్కడే ఆగిపోయేది.

పాఠం మొదట్లో ఒక క్యూఆర్ కోడ్ ఉంటుంది. ఈ నల్ల చుక్కల చదరం 1994లో జపాన్‌లో డెన్సో వేవ్ సంస్థ కార్ల విడిభాగాల లెక్క కోసం తయారుచేసినది. దాని మూడు మూలల్లో మూడు పెద్ద చదరాలుంటాయి. నాలుగో మూలలో ఉండదు. ఫోనుని ఎటు తిప్పి పట్టుకున్నా, పైన ఏదో కింద ఏదో ఆ మూడూ చెప్పేస్తాయి. మిగతా చుక్కల్లో సమాచారం ఒక్కటే ఉండదు, ఆ సమాచారాన్ని సరిచూసుకునే అదనపు లెక్క కూడా అల్లి ఉంటుంది. ఎంచుకున్న స్థాయిని బట్టి 7 నుంచి 30 శాతం దాకా చెరిగిపోయినా మిగిలిన దాన్నుంచి ఆ లెక్కతో పూడ్చుకోగలదు. అన్నం తింటూ చదివిన పుస్తకం మీద పులుసు చుక్క పడినా పాఠం తెరుచుకునేది అందుకే.

కోడ్ కింద అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు గుర్తులు అచ్చువేసి ఉంటాయి. వాటిని చాలామంది గమనించరు. నాకు మాత్రం ఈ మొత్తం ఏర్పాటులో ముందుచూపు అంతా ఆ ఆరు గుర్తుల్లోనే కనిపిస్తుంది. పల్లెటూళ్ళో పిల్లలకి అందేది అమ్మ వాడి వదిలేసిన ఫోను. దాని కెమెరా అద్దం పగిలి ఉండొచ్చు. అప్పుడు ఆ ఆరు గుర్తులూ ‘దీక్ష’ యాప్‌లో టైపు చేస్తే అదే పాఠం వస్తుంది. 2017 సెప్టెంబర్ 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు దేశమంతటికీ మొదలైన ఈ వేదికలో ఇంకో సదుపాయమూ ఉంది. సిగ్నల్ ఉన్నచోట పాఠం దింపుకుంటే, సిగ్నల్ లేనిచోట చూసుకోవచ్చు, పక్కవాళ్ళ ఫోనుకి నెట్ లేకుండానే పంపొచ్చు. గోదావరి పాయల మధ్య ఉన్న సీమలో ఇది చిన్న సౌకర్యం కాదు. 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాక ఇక్కడ చాలా రోజులు మొబైల్ ఇంటర్నెట్ నిలిపివేశారు. ఇళ్ళ నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి గట్ల మీదకి చేరారు. నెట్ ఉంటేనే నడిచే చదువు ఎంత బలహీనమైనదో ఆ రోజులు చూపించాయి.

అదే ఏడాది డిసెంబర్ 21న రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబులు పంచడం మొదలుపెట్టింది. తొలి విడతలో సుమారు 4.6 లక్షల మంది పిల్లలకి, 59 వేల మంది టీచర్లకి ఇచ్చారు. వాటిలో పాఠాలు మెమరీ కార్డులో ముందే నింపి ఇచ్చారు. నెట్ అక్కర్లేకపోయింది. చదువుకి పనికిరానివి తెరుచుకోకుండా లోపల తాళం వేసే సాఫ్ట్‌వేర్ పెట్టారు. ఆ పాఠాలు తయారుచేసిన బైజూస్ సంస్థ 2024 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. పాఠాలు ఒకే కంపెనీ చేతిలో ఉంటే ఇలాంటి చిక్కు ఎప్పుడైనా రావచ్చు. అందుకే సోర్స్‌కోడ్ అందరికీ తెరిచి ఉంచిన దీక్ష లాంటి వేదిక మీదే నాకు గురి ఎక్కువ. అయితే బొమ్మలతో చెప్పే కళని తీసిపారేయడానికి మాత్రం లేదు. దాని గురించి వివరంగా చెప్పుకోవాలి.

మంచి వీడియో పాఠం పొట్టిగా ఉంటుంది. ఎడెక్స్ వేదికలో 69 లక్షల వీక్షణల్ని లెక్కగట్టిన పరిశోధకులు 2014లో తేల్చినదేమిటంటే, పాఠం ఎంత పొడుగున్నా చూసేవాళ్ళు నిలకడగా చూసేది గట్టిగా ఆరు నిమిషాలు. కాబట్టి పీడనం గురించి చెప్పేవాడు ముప్పై నిమిషాలది ఒకటి చేయడు, ఐదేసి నిమిషాలవి ఆరు చేస్తాడు. ఒక్కోదాంట్లో ఒక్కటే సంగతి. బొమ్మ గీస్తున్నప్పుడు మాట వినిపించాలి. అదే మాట తెర మీద అక్షరాల్లో కూడా పరిస్తే కళ్ళు బొమ్మని వదిలి అక్షరాల వెంట పోతాయి. నీటి పీడనాన్ని చూపే బాణాలు పైనుంచి కిందకి ఒక్కొక్కటే రావాలి, కిందికి పోయేకొద్దీ పొడవు పెరగాలి. అన్నీ ఒక్కసారే వచ్చేస్తే ‘పెరగడం’ కంటికి అందదు.

ఆ తరవాత వీడియో ఆగుతుంది. ఒక ప్రశ్న వస్తుంది. జవాబు నొక్కితేగాని ముందుకి సాగదు. ఈ ఆగడమే పనితనానికి అసలు పరీక్ష అనుకుంటాను. మన సీసా ప్రశ్నకి నాలుగు జవాబులు ఇవ్వాలి: పైది, మధ్యది, కిందిది, మూడూ ఒకే దూరం. సరైనది ఒక్కటే. మిగతా మూడూ ఏదో ఒకటి రాసి నింపేస్తే ప్రశ్న చచ్చిపోతుంది. ప్రతి తప్పు జవాబూ నిజంగా ఒక పిల్లవాడికి వచ్చే ఆలోచన అయి ఉండాలి. ‘కిందిది’ అన్నవాడికి పీడనం సంగతి తెలుసు, ధార కింద పడడానికి పట్టే సమయం సంగతి గుర్తు లేదు. ‘పైది’ అన్నవాడు ఎత్తునుంచి పడేది దూరంగా పోతుందని అనుకున్నాడు, పీడనాన్ని మరిచాడు. ‘మూడూ ఒకటే’ అన్నవాడికి అంతా ఒకే సీసాలో నీళ్ళే కదా అనిపించింది. నొక్కిన మీటని బట్టి ఆ బుర్రలో ఏ మెట్టు దాటలేదో తెలిసిపోతుంది. ఇలాంటి ప్రశ్న ఒకటి కట్టడానికి ఆ పాఠం ఏళ్ళ తరబడి చెప్పిన అనుభవం కావాలి. యానిమేషన్ నేర్చుకుంటే వచ్చేది కాదు.

పాఠాన్ని ఆపి అడగడం తెరతో పుట్టిన విద్య కాదు. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. దేశంలో అలాంటిది అదే మొదటిది. ఇప్పుడు అంబేద్కర్ పేరుతో ఉంది. దాని తొలి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డి తరవాత ఢిల్లీలో ఇగ్నోకీ తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఉద్యోగం చేసుకుంటూ, పొలం చూసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ ఒంటరిగా చదివేవాళ్ళ కోసం రాసిన పాఠాలవి. మామూలు పుస్తకంలా ఉండవు. మొదట ఈ పాఠం చదివాక మీకు ఏమేం తెలుస్తాయో చెబుతుంది. కొంత చదివాక ఆపి ప్రశ్న వేసి, జవాబు రాయడానికి గీతలు గీసిన ఖాళీ వదులుతుంది. సరిచూసుకోవడానికి జవాబు పాఠం చివర్లో ఉంటుంది, వెంటనే కంటపడదు. పేజీలు తిప్పే ఆ కాస్త శ్రమ కావాలనే పెట్టింది. వారాంతంలో అధ్యయన కేంద్రానికి వెళితే అదే అధ్యాయం మీద సందేహాలు అడగడానికి ఒక లెక్చరర్ ఉంటారు. అచ్చు పుస్తకం, రేడియో పాఠం, ఆదివారం తరగతి కలిపి నడిపిన ఆ ఏర్పాటు ఇవాళ్టి కలగలుపు చదువుకి మన భాషలో ముందుతరం. ‘మీరు’ అని పిలిచి మాట్లాడే ఆ తెలుగు వచనం మీద ఎవరైనా కూర్చుని పరిశోధన చేయాలని నా కోరిక.

అమెరికాలో దూరవిద్య మీద పనిచేసిన మైకేల్ మూర్ 1989లో చదువులో మూడు రకాల సంభాషణలుంటాయన్నాడు: చదివేవాడికి పాఠంతో, చదివేవాడికి గురువుతో, చదివేవాళ్ళలో ఒకరికి ఒకరితో. పుస్తకం, కోడ్, వీడియో, ప్రశ్న, ఇప్పటిదాకా చూసినవన్నీ మొదటి రకానివి. 2020 జూన్‌లో బడులు మూసి ఉన్నప్పుడు దూరదర్శన్ సప్తగిరిలో ‘విద్యావారధి’ పాఠాలు వేశారు. ఫోను లేని ఇంటికి కూడా టీవీ పాఠం చేరింది. ఎంతో మంచి పని అది. కానీ టీవీ అడిగితే పిల్ల చెప్పిన జవాబు టీవీకి వినపడదు. మిగిలిన రెండు సంభాషణలూ తరగతి గదిలోనే జరగాలి.

కాబట్టి తరగతి గదిలోకి వద్దాం. పిల్లలు వీడియో ముందురోజు చూసి వచ్చారు. బడుల్ని బాగుచేసే నాడు–నేడు పథకం కింద గోడకి పెట్టిన పెద్ద డిజిటల్ తెర, ఐఎఫ్‌పీ ప్యానెల్ మీద మాస్టారు సీసా బొమ్మ మళ్ళీ వేస్తారు. పాఠం మళ్ళీ చెప్పరు. ప్రశ్న మాత్రం వేస్తారు. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1991 నుంచి పట్టుదలగా నడిపిన పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. దీనికి పరికరాలేవీ అక్కర్లేదు. ప్రతి పిల్లా గుండెకి ఆనించి వేళ్ళు చూపించాలి: పైది అయితే ఒకటి, మధ్యది రెండు, కిందిది మూడు, అన్నీ ఒకటే అయితే నాలుగు. పక్కవాడికి కనపడదు, మాస్టారికి కనపడుతుంది. చెయ్యెత్తమంటే ఎప్పుడూ ఎత్తే నలుగురే ఎత్తుతారు, మిగతావాళ్ళు వాళ్ళని చూసి ఎత్తుతారు. వేళ్ళ పద్ధతిలో దాక్కోవడానికి జాగా లేదు, నవ్వులపాలయ్యే భయమూ లేదు.

ఇక లెక్క. సరైన జవాబు చెప్పినవాళ్ళు నూటికి ముప్పైమంది కన్నా తక్కువుంటే పాఠం అందలేదని అర్థం, మళ్ళీ చెప్పాలి. డెబ్బై దాటితే ఒక మాటలో వివరించి ముందుకి పోవచ్చు. ఆ రెండింటి మధ్యలో ఉంటే, జవాబు చెప్పకుండా, తమతో ఏకీభవించని పక్కవాళ్ళతో మాట్లాడుకోమంటారు. మూడు నిమిషాలు తరగతి గోలగా ఉంటుంది.

“కిందిదేరా, అక్కడ ఒత్తిడెక్కువ.”

“ఒత్తిడెక్కువే, కానీ పడడానికి జాగా ఏదీ? ఇలా వచ్చి అలా బల్లకి తగిలేస్తాది కదా!”

ఈ రెండో మాట ఏ వీడియోలో ఉన్నా అంత బలంగా దిగదు. నిన్ననే అర్థమైనవాడికి, అంతకుముందు ఎక్కడ అర్థం కాలేదో ఇంకా గుర్తుంటుంది. మాస్టారు ఆ సంగతి మరిచిపోయి ఏళ్ళు గడిచి ఉంటాయి. తోటివాళ్ళతో మాట్లాడించడంలో ఉన్న కిటుకు అదే. ఆ మూడు నిమిషాలూ మాస్టారు బల్లల మధ్య తిరుగుతూ వింటారు, కల్పించుకోరు. అదే అన్నిటికన్నా కష్టమైన పని అనుకుంటాను. తరవాత మళ్ళీ వేళ్ళు.

అప్పుడు సీసా. దీని తయారీలోనూ శ్రద్ధ ఉంది. చిల్లులు ఒకే కాల్చిన మేకుతో పెట్టాలి, లేకపోతే ఒకటి పెద్దదై లెక్క తప్పుతుంది. నిట్టనిలువుగా ఒకే గీత మీద పెడితే ధారలు ఒకదాన్నొకటి తాకి చెదురుతాయి కాబట్టి కొద్దిగా పక్కపక్కకి జరపాలి. మూడింటి మీదా ఒకే పొడుగాటి టేపు అంటించి ఒక్కసారిగా లాగాలి. ఇంకొకరు పైనుంచి నీళ్ళు పోస్తూ మట్టం తగ్గకుండా చూడాలి. నీళ్ళు 24 సెంటీమీటర్ల ఎత్తున నిలబడి, చిల్లులు అడుగునుంచి 6, 12, 18 సెంటీమీటర్ల దగ్గర ఉన్నాయనుకోండి. లెక్క ప్రకారం మధ్య ధార 24 సెంటీమీటర్ల దూరంలో పడుతుంది. పైదీ కిందిదీ రెండూ సుమారు 21 సెంటీమీటర్ల దగ్గర ఒకేచోట పడతాయి! కింది ధారకి వేగం ఎక్కువ, పడడానికి సమయం లేదు. పై ధారకి సమయం ఉంది, వేగం లేదు. మధ్యదానికి రెండూ సమపాళ్ళలో ఉన్నాయి. నిజం సీసాలో రాపిడి వల్ల దూరాలు కొంచెం తగ్గుతాయి గానీ ముందుండేది మధ్య ధారే.

ఇంతటితో ఆపితే పుస్తకాల్లో బొమ్మ తప్పని పిల్లలు అనుకుంటారు. అందుకే నేర్పరి అయిన మాస్టారు ఇంకో అడుగు వేస్తారు. సీసాని బల్ల అంచుకి జరిపి, ధారలు ముప్పై సెంటీమీటర్లు కిందనున్న పళ్ళెంలో పడేలా పెడతారు. ఇప్పుడు కింది ధార 51 సెంటీమీటర్ల దాకా పోతుంది, మధ్యది 45, పైది 34. పడడానికి అందరికీ జాగా దొరికింది కాబట్టి వేగం ఉన్నదే గెలిచింది. బొమ్మ గీసినవాడు తప్పు గీయలేదు. సీసా ఎంత ఎత్తున ఉందో చెప్పడం మరిచాడు. తెర మీది బొమ్మకీ బల్ల మీది నీళ్ళకీ తేడా వచ్చిన చోట పిల్లల మనసు ఎంత చురుగ్గా లేస్తుందో, రెండూ ఒకేలా ఉన్నచోట అంత లేవదు. ఆ తేడాని దాచకుండా పాఠానికి మధ్యలోకి తేవడం మాస్టారి పనితనం.

ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకులు చూసినవాళ్ళకి ఇంటి చదువునీ తరగతి చదువునీ కలిపే ఈ ఏర్పాటు తేలిగ్గా తెలుస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే కాలవ నేల వాలుని బట్టి మెట్లుగా దిగుతుంది. పడవ పై మట్టం నుంచి కింది మట్టానికి నేరుగా దిగితే మునుగుతుంది. అందుకని రెండు తలుపుల మధ్య ఒక గది. పడవ లోపలికి రాగానే వెనక తలుపు మూసి, చిన్న తూముల్లోంచి నీళ్ళు మెల్లగా వదులుతారు. గదిలో మట్టం, కింది కాలవ మట్టం ఒక్కటయ్యేదాకా ముందు తలుపు మీద నీటి బరువు అలాగే ఉంటుంది, ఎంతమంది లాగినా కదలదు. ఒక్కటయ్యాక ఇద్దరు చాలు. ఇంట్లో చూసిన వీడియో పై కాలవ, తరగతిలో చేసే పని కింది కాలవ. మధ్యలో వేళ్ళూ, గోలా, మళ్ళీ వేళ్ళూ ఆ గది. పిల్లలు ఏ మట్టంలో ఉన్నారో చూడకుండా ప్రయోగంలోకి దింపినా, అక్కడే ఎక్కువసేపు నిలబెట్టినా పాఠం సాగదు.

కలిపి చెప్పే చదువు నిజంగా మేలా అని అమెరికా విద్యాశాఖ 2010లో ఎన్నో అధ్యయనాల్ని కలిపి చూసింది. ఒట్టి తరగతి చదువు కన్నా రెండూ కలిపినది కొంత ముందుంది. అయితే ఆ నివేదికే ఒక సంగతి దాచకుండా చెప్పింది: కలిపి చదివినవాళ్ళకి తరచూ ఎక్కువ సమయం, ఎక్కువ సామగ్రి కూడా దొరికాయి, మేలు తెర వల్లనే అనడానికి లేదు. నాకు ఇది చాలా ముఖ్యంగా తోస్తుంది. వీడియో ఇంట్లో చూసినందువల్ల తరగతిలో మిగిలిన పావుగంటని సీసాకీ మాటలకీ వాడితేనే లాభం. అదే పావుగంటలో ప్యానెల్ మీద ఇంకో వీడియో వేసి మాస్టారు రిజిస్టర్లు రాసుకుంటే మిగిలిందేమీ లేదు. ఆ రిజిస్టర్ల, యాప్‌ల భారం మాస్టార్ల మీద తగ్గించడం కూడా పిల్లల్ని పాఠంలో నిలబెట్టే పనిలో భాగమే.

ఈ పిల్లలే నాలుగైదేళ్ళు పోయాక ఓడలరేవు, భట్లపాలెం, చెయ్యేరుల్లోని ఇంజనీరింగ్ కాలేజీలకో, అమలాపురం, రాజోలుల్లో డిగ్రీకో వెళతారు. అక్కడ ఎదురయ్యేది ఎన్‌పీటెల్. ఐఐటీలూ బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఆ పాఠాలు ఇప్పుడు ‘స్వయం’ వేదిక మీద నడుస్తున్నాయి. పెద్దవాళ్ళకి ఈ లాకు ఇంకో రకంగా కట్టారు. పన్నెండు వారాల కోర్సులో పాఠాలన్నీ ఒకేసారి ఇవ్వరు, వారానికింత వదులుతారు. ప్రతి వారానికీ ఒక అసైన్‌మెంట్, దానికో గడువు. వాటికి 25 మార్కులు, పరీక్ష కేంద్రానికి వెళ్ళి రాసే పరీక్షకి 75. చదివేది ఎక్కడైనా కావచ్చు, పరీక్ష మాత్రం ఎదురుగా మనిషి ఉండగానే రాయాలి. ప్రపంచమంతటా ఇలాంటి ఉచిత కోర్సుల్లో చేరినవాళ్ళలో చివరిదాకా నిలిచేది సాధారణంగా నూటికి పదిహేనుమంది లోపే. ఆ జారుడుని ఆపడానికి కాలేజీల్లో లోకల్ చాప్టర్లు పెట్టి, విద్యార్థులకి మెంటర్లుగా అక్కడి లెక్చరర్లనే నియమించారు. తన పిల్లల్లో ఏ వారం ఎవరు అసైన్‌మెంట్ పెట్టలేదో మెంటర్‌కి కనిపిస్తుంది. పన్నెండు అసైన్‌మెంట్లలో బాగా వచ్చిన ఎనిమిదే లెక్కలోకి తీసుకుంటారు. అందువల్ల ఇంట్లో పెళ్ళి వల్లో వరద వల్లో జ్వరం వల్లో మొదటి నాలుగు వారాలూ తప్పిపోయిన పిల్లకి ఐదో వారం మెంటర్ ఫోను చేస్తే, “ఇంకా ఏమీ పోలేదమ్మా, ఇవాళ మొదలుపెట్టు” అని ఉన్నమాటే చెప్పగలుగుతారు.